బండి నేర్చుకునేవారికి బతుకు పాఠం కూడా చెప్పండి

గౌరవనీయులైన తెలంగాణ రవాణా కమిషనర్ గారికి,

ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) పరీక్షకు వచ్చే కుర్రాళ్లలో చాలామంది ట్రాఫిక్ గుర్తులు బట్టీపట్టి, 60 శాతం సరైన జవాబులతో గట్టెక్కుతున్నారు. 30 రోజులు గడిస్తే డ్రైవింగ్ పరీక్షకూ అర్హులే. ప్రాణం నిలిపే సంగతులు మాత్రం వాళ్ల చెవిన పడటం లేదు.

ముందు బ్రేకు పడితే బండి పల్టీ కొడుతుందన్న భయంతో ఎందరో వెనక బ్రేకునే నమ్ముకుంటారు. నిజానికి బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. రెండూ కలిపి, క్రమంగా బిగించాలి. తొలకరి జల్లుకు ఆయిలూ దుమ్మూ కలిసి రోడ్డు జారుతుంది. అప్పుడు వేగం తగ్గించి, ముందు బండికి ఎడం పెంచాలి. గడ్డం కింద పట్టీ బిగించని హెల్మెట్ పడ్డ క్షణంలోనే ఊడిపోవచ్చు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి చేసిందని ఇంకా చాలామందికి తెలియదు.

అందుకే మా విన్నపాలు మూడు. టూవీలర్ అభ్యర్థులకు ఈ విషయాలపై ప్రశ్నలు తప్పక ఉండాలి. తేలిక తెలుగులో, బొమ్మలతో చిన్న పుస్తకం ఉచితంగా ఇవ్వాలి. తప్పు రాసిన ప్రతి ప్రశ్నకూ సరైన జవాబు, కారణం అక్కడికక్కడే వివరించాలి.

లైసెన్సు చేతికిచ్చే ముందే ఈ జాగ్రత్త నేర్పండి.

ఇట్లు,
బండి మీద బిడ్డలను పంపే ఒక తండ్రి