తూకం చాలదు, నడుము కొలవండి

కంపెనీల్లో ఏటా జరిపే ఆరోగ్య పరీక్షల్లో పాతికేళ్ల వాళ్ల బరువు, ఎత్తు చూసి, బీఎంఐ లెక్కగట్టి ‘నార్మల్’ అని రాసేస్తున్నారు. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన కుర్రాళ్లు కూడా ఆ కాగితం చూసుకుని నిశ్చింతగా ఉంటున్నారు. ఇంట్లోనూ ‘ఉద్యోగంలో చేరాక కాస్త ఒళ్లు చేశాడు’ అనే మురిపెమే. ఈ నిశ్చింత మంచిది కాదు. కొవ్వు ఎంత ఉందన్నదే కాదు, ఎక్కడ ఉందన్నది మన వాళ్ల విషయంలో అంతకన్నా ముఖ్యం.

2004లో ఇద్దరు డాక్టర్లు ‘లాన్సెట్’ వైద్య పత్రికలో తమ ఫొటోనే సాక్ష్యంగా అచ్చు వేయించారు. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఈ తేడాకు బీజం అమ్మ కడుపులోనే పడుతుంది. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పసిపిల్లలను యాజ్ఞిక్ బృందం కొలిచి చూస్తే, ఇంగ్లండ్ పిల్లలకన్నా బరువూ కండా బాగా తక్కువ. చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు.

కొవ్వంతా చెడ్డది కాదు. తొడల్లో, పిరుదుల్లో చర్మం కింద చేరే కొవ్వు గాదెలో ధాన్యం లాంటిది, భద్రంగా ఉంటుంది. ఆ చోటు చాలనప్పుడు మిగులు పేగుల చుట్టూ, కాలేయంలో చేరుతుంది. పేగుల నుంచి రక్తం నేరుగా కాలేయానికే వెళ్తుంది కాబట్టి అక్కడి కొవ్వు దెబ్బ ముందు దానికే తగులుతుంది. కాలేయం ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది. ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, బీపీ పైకెక్కుతుంది. క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేస్తూ కొన్నేళ్లు నెట్టుకొస్తుంది. అందుకే పాతికేళ్లప్పుడు పరగడుపు షుగర్ బాగానే కనిపిస్తుంది. క్లోమం అలసిపోయాక గానీ షుగర్ జబ్బు బయటపడదు.

హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో వెలువరించిన అధ్యయనంలో ఊబకాయం ఉన్నవాళ్లు 71 శాతం, కాలేయంలో కొవ్వు పేరుకున్నవాళ్లు 84 శాతం. అంటే ప్రతి నూరు మంది ఉద్యోగుల్లో కనీసం 13 మంది ఊబకాయం లెక్కకు దొరకకపోయినా, వాళ్ల కాలేయంలో కొవ్వు పేరుకుంది. దేశం మొత్తం మీద ఐసీఎంఆర్ 2023లో ప్రకటించిన లెక్కలూ ఇదే చెబుతున్నాయి: బీఎంఐ ప్రకారం ఊబకాయం 28.6 శాతం, పొట్ట కొలిస్తే 39.5 శాతం. తూకం మీదే ఆధారపడితే కోట్లమంది మన కళ్లు గప్పి దాటిపోతారు.

కొలవడానికి ల్యాబ్ అక్కర్లేదు, దర్జీ దగ్గరుండే టేపు చాలు. నిలబడి, మామూలుగా ఊపిరి వదిలి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన టేపు చుట్టాలి. మన దేశంలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు. ఇంకా తేలిక లెక్క, నడుము చుట్టుకొలత ఎత్తులో సగం దాటకూడదు.

దాటినా భయపడాల్సిన పని లేదు. బరువు కాస్త తగ్గినా ముందుగా కరిగేవాటిలో ఈ లోపలి కొవ్వు ఒకటి. అయితే పొట్ట వ్యాయామాలొక్కటే చేస్తే పొట్ట కరగదు. రోజూ చురుగ్గా నడవాలి, వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తో, గుంజీలు తీసో కండ పెంచాలి. భోజనం తర్వాత రక్తంలో చేరే చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండే. కంచంలో అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, కూర పెంచాలి. కూల్‌డ్రింకులు మానాలి. రాత్రి నిద్ర చెడగొట్టుకోకూడదు.

కాలేజీలూ కంపెనీలూ జరిపే ప్రతి ఆరోగ్య పరీక్షలో నడుము కొలత తప్పనిసరి చేయాలి, ప్రభుత్వం ఆ మేరకు ఉత్తర్వు ఇవ్వాలి. అంతవరకూ ఆగకండి. మీ ఇంట్లో ఇరవై దాటిన పిల్లలుంటే ఈ ఆదివారమే టేపు తీయండి.