హబ్బు చేసిన గల్తీ, బేటీ మీద ఇల్జామ్

కీసర అనగానే హైదరాబాదు పక్క కీసరగుట్ట అనుకునేవాళ్లకి ముందే చెప్పేస్తున్నాను. మాది ఆ కీసర కాదు. కంచికచర్ల మండలం కీసర, మున్నేరు వంతెన, హైవే మీద టోల్‌గేటు ఉన్న ఊరు. ఇప్పుడు కాగితాల మీద ఎన్టీఆర్ జిల్లా అని రాస్తున్నాం గానీ, నా నోటికి ఇంకా కృష్ణా జిల్లానే వస్తుంది.

అసర్ నమాజ్ అయ్యాక మా వరండాలో నలుగురూ చేరతారు. స్కాలర్‌షిప్ దరఖాస్తు, పింఛను కాగితం, ఆధార్ సవరణ, ఏదైనా సరే నా ల్యాప్‌టాప్ ముందుకే వస్తుంది. పైసలు తీసుకోను, ఖిద్మత్ అనుకుంటాను. కళ్లు సరిగా ఆనడం లేదని ఈ మధ్య టైపు చేసే పని మా అమ్మాయికి అప్పజెప్పాను. ల్యాప్‌టాప్‌కి ఉన్నవి రెండే పోర్టులు. అందుకని విజయవాడ వెళ్లినప్పుడు నాలుగు పోర్టుల యూఎస్‌బీ 3.0 హబ్బు కొన్నాను. హార్డ్ డిస్కు, ప్రింటరు, వైర్‌లెస్ కీబోర్డూ మౌసూ రెంటికీ కలిపి పనిచేసే డాంగిలూ, అన్నీ దానికే గుచ్చేశాం. చూడటానికి షాందార్‌గా ఉంది.

ఆ వారంలోనే పక్కింటి ఖాలా మనవడి స్కాలర్‌షిప్ ఫారం నింపాం. మర్నాడు పొద్దున్నే ఆ పిల్లాడు ప్రింటు కాగితం పట్టుకొచ్చాడు. ఇంటిపేరు దగ్గర చివరి 'కె' లేదు.

బయటివాళ్లకి ఇది చిన్న ముచ్చటే. మాకు కాదు. షేక్ అని ఇంగ్లీషులో మేం ఐదక్షరాలతో రాస్తాం, వేరే చోట్ల చివర ఇంకో 'హెచ్' తగిలిస్తారు. ఆధార్‌లో ఒక తీరు, పదో తరగతి మెమోలో ఒక తీరు, బ్యాంకు పుస్తకంలో మరో తీరు పడితే ఎన్ని ఆఫీసులు తిరగాలో, ఎంతమంది ముందు నిలబడి "ఈ ముగ్గురూ నేనేనండీ" అని చెప్పుకోవాలో మా ఇళ్లలో ప్రతి ఒక్కరికీ మాలూమే. ఒక్క అక్షరానికి ఒక ఏడాది ఫీజు పోయిన ఇళ్లు నాకు తెలుసు.

నేనేం చేశాను? ఖాలా ముందే అమ్మాయి మీద కేకలేశాను. "ధ్యాస ఎక్కడ పెట్టి కొడుతున్నావ్?" అన్నాను. "కొట్టాను అబ్బా, కసమ్‌గా కొట్టాను" అంది. జవాబు చెబుతుందా అని ఇంకో రెండు మాటలన్నాను. బేచారీ, లేచి లోపలికి పోయింది. రెండు రోజులు కీబోర్డు ముట్టుకోలేదు.

అల్హమ్దులిల్లాహ్, ఆఖరు తేదీ ఇంకా ఉంది కనక ఫారం సరిచేశాం. ఆ రెండు రోజులూ నేనే టైపు చేశాను. నాకూ అక్షరాలు మింగేస్తోంది. మౌసు కాస్త కదిలి, ఆగి, మళ్లీ ఎగిరి పడుతోంది. బ్యాటరీలు మార్చాను, ఫాయిదా లేదు. హబ్బు కొన్న దుకాణానికి ఫోన్ చేస్తే కొత్త కీబోర్డు కొనమన్నారు. మగ్రిబ్ వేళకి నాకు ఒక షక్ కలిగింది. ఇదంతా హార్డ్ డిస్కులోకి ఫోటోలు కాపీ అవుతున్నప్పుడే జరుగుతోంది. హార్డ్ డిస్కు పీకేశాను. కీబోర్డు బంగారంలా పనిచేసింది. మళ్లీ పెట్టాను, మళ్లీ మొదలు.

తర్వాత చదివితే తెలిసింది, ఇది కొత్త సంగతేమీ కాదని. ఇంటెల్ కంపెనీ 2012లోనే దీని మీద ఒక పత్రం వెలువరించింది. వైర్‌లెస్ మౌసు, కీబోర్డు, బ్లూటూత్, పాత రకం వై-ఫై, ఇవన్నీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే మసలుతాయి. ఈ పట్టీకి లైసెన్సు అక్కర్లేదని మన దేశంలో 2005లో రూల్సు వచ్చాయి. అందుకే అందరూ అక్కడే గుమిగూడారు. యూఎస్‌బీ 3.0 తీగలో సెకనుకి 500 కోట్ల బిట్లు పరిగెడతాయి. ఆ పరుగులో పుట్టే రేడియో గోల ఒక్కచోట ఉండదు, కింద నుంచి 5 గిగాహెర్ట్జ్ దాకా పరుచుకుంటుంది. 2.4 దాని కడుపులోనే ఉంది. ఫిల్టరు పెట్టి కోసేద్దామంటే కుదరదు, డేటా మోసుకెళ్లేదీ ఆ భాగమే. హార్డ్ డిస్కు తగిలిస్తే ఆ పట్టీలో గోల దాదాపు 20 డెసిబెల్స్ పెరిగిందని ఆ పత్రంలో ఉంది. అంటే వంద రెట్లు.

మా టోల్‌గేటు పక్కన చాయ్ బండి దగ్గర కూర్చుంటే ఇది ఇట్టే అర్థమవుతుంది. లారీలు బ్రేకులేస్తూ, హారన్లు కొడుతూ క్యూలో నిలబడతాయి. ఎదురుగా ఉన్న దోస్తు ఏదో చెబుతాడు, పెదాలు కదలడమే కనిపిస్తుంది. అతని గొంతు బాగానే ఉంది. లారీ మన చెవి పక్కన ఉంది, అంతే. కీబోర్డు ఆ దోస్తు, డాంగిలు మన చెవి. మాట్లాడేవాడికి కొత్త బ్యాటరీ వేసి ఏం లాభం? చెవిని లారీ పక్కనుంచి జరపాలి.

అందుకే నేను చేసిన మొదటి పని ఒక మీటరు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ తీగ కొని, డాంగిల్ని ల్యాప్‌టాప్ రెండో వైపు పోర్టు నుంచి బల్ల ఆ చివరికి తీసుకెళ్లడం. హబ్బు కంటే చాలా కిఫాయతు. ఆ రోజు నుంచి ఒక్క అక్షరం పోలేదు.

ఇప్పుడు హబ్బు కొనేవాళ్లకి నా రాయి. ముందు మీకు అసలు 3.0 కావాలా అని అడుక్కోండి. మౌసు, కీబోర్డు, ప్రింటరు కోసమైతే 2.0 హబ్బు చాలు. సెకనుకి 480 మెగాబిట్లు, వాటికి అదే ఎక్కువ. దాని పరుగు నెమ్మది కనక ఈ గోలా రాదు. హార్డ్ డిస్కుకి వేగం కావాలంటే 3.0 తీసుకోండి, కానీ ల్యాప్‌టాప్‌కి అతుక్కుపోయే రకం వద్దు. సొంత తీగ ఉండి దూరంగా పెట్టుకోగలిగేది మేలు. తీగకీ పోర్టుకీ లోహపు కవచం సరిగా ఉన్నదైతే బయటికొచ్చే గోల తగ్గుతుంది. పైన అల్యూమినియం డబ్బా మెరుస్తోందని మాత్రం నమ్మకండి, లోపల పోర్టుల కవచం దానికి కలిపారో లేదో బయటికి కనపడదు. వీలైతే దుకాణంలోనే పెన్‌డ్రైవ్‌లో పెద్ద ఫైలు కాపీ పెట్టి, పక్కన డాంగిలు గుచ్చి, మౌసు తిప్పి చూడండి. దుకాణ్‌దారు ముఖం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి. హబ్బు మీద ఒకటి రెండు 2.0 పోర్టులు ఉన్నాయిగా, డాంగిలు అక్కడ పెడతామంటారు కొందరు. రెండంగుళాల అవతల 3.0 పోర్టు పనిచేస్తుంటే ఆ చెవికి పెద్దగా తేడా రాకపోవచ్చు. బ్లూటూత్ కొంటే తీరిపోతుందా అంటే అదీ ఆ మొహల్లా మనిషే. చానళ్లు మారుతూ తప్పించుకోవడానికి ప్రయత్నిస్తుంది, ఒక్కోసారి దొరికిపోతుంది.

నా కోపం మాత్రం డబ్బాల మీద ముద్రించేవాళ్ల మీద. ఎన్ని పోర్టులో, ఎంత వేగమో బారెడు అక్షరాలతో రాస్తారు. 'వైర్‌లెస్ డాంగిల్ని దీని పక్కన పెట్టకండి' అని ఒక్క వాక్యం రాయడానికి చోటు లేదా? ఇన్నేళ్లుగా తెలిసిన విషయమే కదా. హమ్‌సాయా హక్కు గురించి చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. పక్కవాడి నోరు నొక్కేసే సామాను అమ్మేటప్పుడు ఆ మాట చెప్పి అమ్మడం ఇన్సాఫ్ కాదా? చెప్పకపోతే నుక్సాన్ ఎవరికి? ఆఫీసులో ఐటీ వాడుంటాడు, చూసుకుంటాడు. మా వరండాలో మాత్రం ఇల్జామ్ టైపు చేసిన పిల్ల మీద పడుతుంది. రేపు ఏ గుమాస్తా ముందో 'మీ పేరు మీరే తప్పు రాసుకున్నారు' అని ఖాలా మనవడి మీద పడుతుంది. అక్షరాన్ని హబ్బు మింగిందని ఎవరు నమ్ముతారు? కన్నకూతురు కసమ్ తిన్నా నేనే నమ్మలేదు.

పేర్లూ ఖాతా నంబర్లూ కొట్టే పనికి ఇప్పుడు తీగ ఉన్న పాత కీబోర్డే వాడుతున్నాం. అటక మీద ఉంటే దించాం. దాని 'కె' మీట మీద అక్షరం చెరిగిపోయింది గానీ నొక్కితే పడుతుంది.

జుమా రోజు అమ్మాయిని కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. ఖాలానీ పిలిపించాను, తిట్టింది ఆవిడ ముందే కదా. మాఫీ అడిగాను. అమ్మాయి అంతా విని, "అబ్బా, ఆ హబ్బు కొన్నదెవరు?" అంది. ఖాలా పకపకా నవ్వింది.