కాలు కాలిన పిల్లికి కావలసింది గద్దింపు కాదు

తెలుగువారి మాటల్లో పిల్లికి మంచి చోటే ఉంది. ఇంట్లో వంట జరగలేదని చెప్పడానికి ‘పొయ్యిలో పిల్లి లేవలేదు’ అంటాం. కుదురు లేకుండా తిరిగే మనిషిని ‘కాలు కాలిన పిల్లి’ అంటాం. కట్టెల పొయ్యిల కాలంలో చల్లారిన బూడిద మీద పిల్లి వెచ్చగా ముడుచుకుని పడుకునేది. బూడిద అడుగున నిప్పు మిగిలి ఉంటే దాని కాలు కాలేది. ఈ మాటను మనం వేళాకోళానికి వాడుకుంటాం గానీ, ఆ పిల్లి ఎందుకు కుదురుగా ఉండలేకపోతోందో ఆలోచించం. నిన్నటిదాకా వెచ్చదనం ఇచ్చిన చోటే దాన్ని కాల్చింది. ఇక అది ఏ చోటును నమ్ముతుంది?

దెబ్బ తిన్న ప్రాణి, బెదిరిన ప్రాణి మళ్లీ ధైర్యం తెచ్చుకోవాలంటే ఏం కావాలి? ఇది పిల్లిని పెంచేవారు మాత్రమే వేసుకోవలసిన ప్రశ్న కాదు. గాయపడిన మనుషులున్న ప్రతి ఇల్లూ, ప్రతి సంఘమూ వేసుకోవలసిన ప్రశ్న.

మన చేతుల్లో ఉన్న 66 పుస్తకాల పరిశుద్ధ గ్రంథంలో ఇంటి పిల్లి ప్రస్తావన లేదు. ప్రొటెస్టెంట్ సంఘాలు లేఖనాలుగా స్వీకరించని అపోక్రిఫా గ్రంథాల్లో, ‘యిర్మీయా పత్రిక’ అనే చిన్న పుస్తకంలో మాత్రం పిల్లులు కనిపిస్తాయి. పేరు లేనంత మాత్రాన అది దేవుని దయకు దూరం కాలేదు. దేవుడు మనుషులతో పాటు జంతువులను కూడా కాపాడేవాడని కీర్తనకారుడు సాక్ష్యమిచ్చాడు (కీర్తనలు 36:6). నీనెవెను కనికరించవద్దా అని యోనాను అడిగినప్పుడు దేవుడు అక్కడి పశువులను సైతం లెక్కలోకి తీసుకున్నాడు (యోనా 4:11). తన పశువు ప్రాణాన్ని పట్టించుకోవడం నీతిమంతుని లక్షణమని సామెతల గ్రంథం నేర్పుతోంది (సామెతలు 12:10). అక్కడ హెబ్రీ మూలంలో వాడిన క్రియకు ‘ఎరిగి ఉండడం’ అని అర్థం. మేత వేస్తే సరిపోదు, ఆ ప్రాణం లోపల ఏం పడుతోందో ఎరిగి ఉండాలి.

గోదావరి డెల్టాలో ఉన్న మనకు భయం కొత్త కాదు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి పోయింది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలకు వంచి, వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. 2022 జూలైలో భద్రాచలం వద్ద నీటిమట్టం మళ్లీ 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం సమీపంలో తీరం దాటింది. ఇలాంటి ప్రతిసారీ నష్టం లెక్కల్లో గేదెలు, మేకలు, కోళ్లు చేరతాయి. పిల్లి చేరదు. పడవ మీద పిల్లలు, వృద్ధులు, బియ్యం మూటలు ఎక్కుతాయి. పిల్లి అటక మీదే ఉండిపోతుంది.

2022 వరద తీశాక మేము పి.గన్నవరం వైపు ఒక లంక గ్రామంలో ఇళ్లు దర్శించి ప్రార్థన చేయడానికి వెళ్లాం. ఒక ఇంట్లో పిల్లి నీళ్లున్నన్ని రోజులూ అటక మీదే గడిపింది. రేకు గీసుకుని దాని వెనక కాలికి దెబ్బ తగిలింది. ఊళ్లోకి వచ్చిన పశువైద్యుడు తువ్వాలు చుట్టి పట్టుకుని మందు వేశాడు. గాయం మానుతోంది గానీ భయం మానలేదు. అది మళ్లీ అటకెక్కింది. మనవడు నిచ్చెన వేసి లాగబోతే చెయ్యి రక్కింది. గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా పులవుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. భయపడిన ప్రాణికి దారి మూసేస్తే దానికి మిగిలేది గోళ్లే.

మాతో వచ్చిన ఒక సంఘ పెద్ద కింద నిలబడి పిల్లిని పిలవబోతే, ఆ ఇంటి మామ్మగారు వారించారు. “పిలవకండి అయ్యగారూ. దాని బయం తీరాలి గానీ, మన తొందర తీరితే సరిపోద్దా?” అన్నారు. వరద సహాయంలో వచ్చిన ఒక అట్టపెట్టెకు పక్కన కంత చేసి, అందులో పాత గోనెపట్టా పరిచి, తలుపు మూల ఉంచారు. రోజూ పొద్దుగూకే వేళకు చేప ముక్క కలిపిన అన్నం ఆ పెట్టె దగ్గర పెట్టి, తాను కాస్త ఎడంగా కూర్చుని కొబ్బరి ఈనెలు తీసుకునేవారు. దాని వంక చూసేవారు కాదు. మరుసటి నెల మేము వెళ్లేసరికి పిల్లి ఆమె మోకాలి పక్కన పడుకుని ఉంది. ఎన్నాళ్లు పట్టిందని అడిగితే, “నేను లెక్కెట్టలేదండి, అదీ లెక్కెట్టలేదు” అన్నారు.

ఆ మామ్మగారు చేసిందే జంతువుల ప్రవర్తనను పరిశీలించేవారు కూడా చెబుతున్నారు. కొత్తగా శరణాలయానికి వచ్చిన పిల్లుల్లో కొన్నింటికి దాక్కోవడానికి పెట్టె ఇచ్చి, మిగిలినవాటికి ఇవ్వకుండా నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంవారు చూశారు. 2014లో వెలువడిన ఆ పరిశోధనలో, పెట్టె దొరికిన పిల్లులే త్వరగా కుదుటపడ్డాయని తేలింది. దాక్కునే చోటు ఉన్న ప్రాణికే బయటికి రావడానికి ధైర్యం వస్తుందన్నమాట. ఇంగ్లండులోని ససెక్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయాలవారు 2020లో మరో సంగతి ప్రకటించారు. గుడ్లప్పగించి చూడకుండా కళ్లు సగం మూసి నెమ్మదిగా రెప్పలాడించే మనిషి దగ్గరికి రావడానికి పిల్లి ఎక్కువ ఇష్టపడుతుందట.

వరదలో పిల్లి పోగొట్టుకునేది మరొకటి ఉంది. అది ఇంటిని కంటితో కంటే ముక్కుతో ఎక్కువగా గుర్తుపడుతుంది. గుమ్మాలకు, మంచం కోళ్లకు చెంపలు రుద్ది తన వాసన అంటిస్తుంది. ఆ వాసన ఉన్నంత మేరా అది తన ఇల్లు. వరద పోయాక అక్కడ మిగిలేది ఒండ్రుమట్టి వాసన, దాని మీద చల్లిన బ్లీచింగ్ పౌడరు వాసన. గోడలు పాతవే అయినా ఇల్లు పరాయిదవుతుంది. అందుకే దాని పాత గుడ్డను ఉతకకుండా కొన్నాళ్లు అలాగే ఉంచడం మంచిది.

ఇంట్లో పిల్లి బెదిరితే ముందుగా చూడవలసింది నొప్పి. దాక్కునే పిల్లి చాలాసార్లు నొప్పిని దాచుకుంటోంది. ఒక రోజు దాటి తిండి ముట్టకపోతే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మనం వేసుకునే పారాసెటమాల్ బిళ్ల పిల్లికి విషం. ఫినాయిలు, డెట్టాల్ వంటివి గాయం మీద పోయకూడదు. రక్కినా కరిచినా ఆ చోటును సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవాలి. ఆ తర్వాత పిల్లికి ఒక నిశ్శబ్దమైన గది, దాక్కునే చోటు, నీళ్లు, ఒకే వేళకు తిండి చాలు. ముందు ఒక గది, అది అలవాటయ్యాక మరో గది. చిన్న దారం కదిలిస్తే ఆడడం మొదలుపెట్టిందంటే భయం సడలుతోందని గుర్తు. మధ్యలో ఒక పెద్ద చప్పుడుకు మళ్లీ మొదటికి రావచ్చు. క్రిస్మస్‌కు, డిసెంబరు 31 రాత్రికి మన ఆలయాల ముందు పేలే బాణసంచా, పెద్ద పెద్ద లౌడ్‌స్పీకర్లు ఎవరెవరిని మంచాల కిందికి తరుముతున్నాయో సంఘ పెద్దలు ఒకసారి ఆలోచించడం మంచిది.

ఆకలితో ఉన్న మనుషులుండగా పిల్లుల గురించి ఇంత మాట అవసరమా అని కొందరు విశ్వాసులు అనవచ్చు. అల్పమైన దానిలో నమ్మకంగా ఉన్నవాడే అధికమైన దానిలోనూ నమ్మకంగా ఉంటాడని ప్రభువు నేర్పాడు (లూకా 16:10). అటక మీది పిల్లి కోసం పది రోజులు ఓపిక పట్టలేనివారు, బెదిరిన మనిషి కోసం పది నెలలు పట్టగలరా?

ఏలీయా ప్రవక్తను చూడండి. కర్మెలు కొండ మీద జయం పొందినవాడే యెజెబెలు బెదిరింపుకు పారిపోయాడు. ఇక చాలు, చనిపోతానని ప్రార్థించాడు (1 రాజులు 19). దేవుడు అతణ్ణి గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. అతను తిని మళ్లీ పడుకుంటే రెండోసారీ లేపి పెట్టించాడు. అతను గుహలో దాక్కున్నప్పుడు గాలిలో, భూకంపంలో, అగ్నిలో కాకుండా మెల్లని స్వరంతో పలకరించాడు. హెబ్రీలో అక్కడ వాడిన మాటకు నిశ్శబ్దం అనే అర్థం కూడా ఉంది. అతని గోడు రెండుసార్లు విన్నాడు. ఆ తర్వాతే పని అప్పగించాడు, ఎలీషాను తోడుగా చూపించాడు. విశ్రాంతి, ఆహారం, ఆలకింపు, ఆ పిమ్మట పరిచర్య. ఇది దేవుడు అనుసరించిన వరుస.

మన సంఘాల్లో ఈ వరుస తరచుగా తలకిందులవుతోంది. వరదలో బిడ్డను పోగొట్టుకున్న తల్లిని రెండో ఆదివారమే మైకు ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పమంటాం. ప్రమాదం తర్వాత బండి ఎక్కడానికి వణికే యువకుణ్ణి ‘అల్పవిశ్వాసి’ అంటాం. సంఘంలోనే మాట పడి మనసు విరిగి మానేసిన కుటుంబం ఇంటికి వెళ్లి, కూర్చోకముందే ‘ఆదివారం ఎందుకు రావడం లేదు?’ అని అడుగుతాం. భర్త చేతిలో దెబ్బలు తిన్న సోదరికి ‘సర్దుకుపోమ్మా’ అని చెప్పి అదే ఇంటికి పంపుతాం. నిప్పు ఆర్పకుండా, కాలు కాలిన పిల్లిని మళ్లీ అదే పొయ్యిలో పడుకోమనడం కాక ఇది మరేమిటి? ముందు ఆమెకు క్షేమమైన చోటు చూపించాలి. ఆ తర్వాతే మిగతా మాటలు.

భయపడడం అవిశ్వాసం కాదా అని ఒక ప్రశ్న వస్తుంది. కాదు. తనకు భయం కలిగిన దినాననే దేవుణ్ణి ఆశ్రయిస్తానని దావీదు చెప్పాడు (కీర్తనలు 56:3). భయం తెలియనివాడి మాట కాదది. సంపూర్ణమైన ప్రేమ భయాన్ని బయటికి పంపేస్తుందని యోహాను రాశాడు (1 యోహాను 4:18). ఆ పని చేసేది ప్రేమ అన్నాడు గానీ గద్దింపు అనలేదు. ‘భయపడకు’ అని లేఖనాల్లో దేవుడు చెప్పిన చోట్ల చాలావరకు ‘నేను నీకు తోడున్నాను’ అన్న అభయం వెంటే ఉంటుంది. మొదటి మాట చెప్పి రెండో మాటను మరిచిపోయే హక్కు మనకు లేదు.

అలాగని వదిలేయమని కాదు. వదిలేయడం వేరు, వేచి ఉండడం వేరు. మామ్మగారు పిల్లిని లాగలేదు, కానీ ఒక్క పూటైనా అన్నం మానలేదు. వారానికి ఒకసారి, చెప్పిన రోజునే, చెప్పిన వేళకే వెళ్లి, ప్రశ్నలు వేయకుండా పది నిమిషాలు కూర్చుని రావడం కూడా పరిచర్యే. మళ్లీ ఆలయానికి వచ్చినవారిని ముందు వరుసకు పిలవకుండా, గుమ్మం దగ్గర కూర్చోనివ్వడం కూడా పరిచర్యే. నిద్ర పట్టకపోయినా, బతుకు మీద ఆశ పోయిందన్నా ప్రార్థనతో పాటు వైద్య సహాయం కూడా అందించాలి. ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416ను ఆలయ నోటీసు బోర్డు మీద రాసి పెట్టడం విశ్వాసానికి విరుద్ధం కాదు. ఏలీయాకు పంపిన రొట్టె కూడా దేవుడు పంపిందే.

మనిషి పిల్లి కాడన్నది నిజమే. మనిషికి వాగ్దానం ఉంది, నిరీక్షణ ఉంది, తిరిగి చేయవలసిన పని ఉంది. అందుకే పేతురు సంగతి మరువకూడదు. ప్రధాన యాజకుని ఇంటి ముంగిట బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ అతను తన ప్రభువును ఎరగనన్నాడు (యోహాను 18). వెచ్చదనం కోసం చేరిన మంటే అతణ్ణి కాల్చింది. తిరిగి లేచిన ప్రభువు తిబెరియ సముద్ర తీరాన మళ్లీ బొగ్గుల మంటే వేశాడు (యోహాను 21). గ్రీకు కొత్త నిబంధనలో ఆ మాట ఈ రెండు చోట్ల మాత్రమే కనిపిస్తుంది. ప్రభువు ఆ మంట మీద చేపలు కాల్చి, రొట్టెతో పాటు తినడానికి ఇచ్చాడు. భోజనం అయ్యాకే ‘నన్ను ప్రేమిస్తున్నావా’ అని అడిగాడు. కాలిన చోటునే మళ్లీ వెచ్చని చోటుగా చేసి, ఆ తర్వాత తన గొర్రెలను అతనికి అప్పగించాడు.

మన సంఘాల్లో ఇంకా అటక దిగనివారు ఉన్నారు. ఈ వారం వారిలో ఒకరి పేరు గుర్తు తెచ్చుకుందాం. నిచ్చెన వేయవద్దు, కేక వేయవద్దు. ఇంత అన్నం తీసుకెళ్లి, కాస్త ఎడంగా కూర్చుందాం.