వేషము దాల్చిన గతము

క్రీ.శ. 1323లో ఓరుగల్లు కోట కూలినది. బందీయై ఢిల్లీకి గొనిపోబడుచున్న ప్రతాపరుద్ర చక్రవర్తి త్రోవలో నర్మదాతీరమున తనువు చాలించెనని ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము చెప్పుచున్నది. అయిదున్నర శతాబ్దములు దాటిన పిమ్మట, 1897లో, వేదము వేంకటరాయశాస్త్రిగారు తమ నాటకమున ఆ కథను ఆ నదీతీరమున ఆగనీయక, చక్రవర్తి మంత్రియగు యుగంధరునికి పిచ్చివేషము కట్టి ఢిల్లీ వీధులలోనికి తోలి, సుల్తానును ఎత్తుకొనిపోదునని ఆ వీధులలోనే బాహాటముగా కేకలు వేయించి, విన్నవారు నవ్వుచుండగనే అన్నంతపనియు చేయించి, ఆతని ప్రభువును చెఱనుండి విడిపించిరి. రహస్యమును దాచుటకు దానిని బిగ్గరగా అఱచుటకన్న మంచి ఉపాయము వేఱొకటి లేదని కనిపెట్టిన ఆ బుద్ధికి నేటికిని నేను చేతులెత్తి మ్రొక్కుదును.

గూఢచారికిని నటునికిని గల ఈ చుట్టఱికము మనకు క్రొత్తదికాదు. అంతఃపురపు సంగతులు ఆరాతీయుటకు నియోగింపదగినవారిని లెక్కించుచు అర్థశాస్త్రము నటులను, నర్తకులను, గాయకులను, వాద్యకాండ్రను, మాటలతో పొట్టపోసికొనువారిని వరుసగా పేర్కొన్నది. ముద్రారాక్షసమున చాణక్యుని చారుడు యమపటము చేతబట్టి పాటలు పాడుచు ఇల్లిల్లు తిరుగును. రాక్షసమంత్రి చారుడు పాములవాడై వచ్చును. ఎవ్వరి వాకిటికైనను పిలువకయే పోగలిగి, పోయినందుకు ఎవ్వరిచేతను సంజాయిషీ అడుగబడనివాడు ఆటపాటలవాడొక్కడే గదా!

ఈ యుక్తి ఇరువదవ శతాబ్దమున టెహరానులో మరల తల యెత్తినది. 1980 జనవరిలో, కెనడా దౌత్యవేత్తల యిండ్లలో తలదాచుకొనియున్న ఆరుగురు అమెరికా దౌత్యోద్యోగులను ఇరాను దాటించుటకై సి.ఐ.ఏ. అధికారి టోనీ మెండెజ్, 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' చిత్రమున మనుష్యులకు వానరముఖములు తీర్చిన మేకప్ నిపుణుడు జాన్ చేంబర్సును తోడు చేసికొని, హాలీవుడ్డులో ఒక బూటకపు సినిమా కంపెనీని తెఱచి, సినిమా పత్రికలలో ప్రకటనలు వేయించి, ఆ ఆరుగురిని లొకేషన్లు చూచుకొనవచ్చిన చిత్రబృందముగా చలామణి చేసెను. వారి చేతనున్న స్క్రిప్టునకు మూలము రోజర్ జెలాజ్నీ వ్రాసిన 'లార్డ్ ఆఫ్ లైట్' అను నవల. అందలి పాత్రలు మన దేవతల పేర్లు పెట్టుకొని అన్యగ్రహమున ఏలుబడి సాగించుచుందురు. దిక్కులేనివారికి దేవుడే దిక్కను మాట అక్కడ ఇంత విడ్డూరముగా ఫలించినది! విమానమున ఏదో మరమ్మతు వచ్చి కొంత ఆలస్యమైనది. తుదకు ఎక్కబోవుచు చూతురుగదా, ఆ స్విస్ విమానము ముక్కుపై వ్రాసియున్న పేరు 'ఆర్గౌ'. వారు తీయబోవని సినిమా పేరు 'ఆర్గో'.

ఈ ఉదంతమును 2012లో నిజముగనే సినిమాగా తీసిరి. దానికి ఉత్తమ చిత్రముగా ఆస్కారు వచ్చినది. అందు చివర, రన్‌వేపై పరుగిడు విమానమును సాయుధులు వాహనములపై తఱుముదురు. అట్టి తఱుములాట ఏదియు జరుగలేదు. ప్రాణములకు తెగించి ఆశ్రయమిచ్చిన కెనడావారి పాత్రయు తెఱమీద చాలవఱకు కుంచించుకొనిపోయినది.

రాజ్యముయొక్క గతినే తారుమారు చేసిన శాస్త్రిగారిని మన్నించి, కొన్ని నిమిషముల తఱుములాట చేర్చినవారిపై నాకీ అలుక ఎందులకని చదువరులు అడుగవచ్చును. శాస్త్రిగారు నాటకమని చెప్పియే నాటకమాడించిరి. సినిమావారు నిజగాథయను ముద్రవేసి టికెట్లమ్మిరి. ఈ భేదము నే ననుకొన్నంత గట్టిది కాదనియు ఒప్పుకొనవలెను. మా యూరి పెద్దలొకరు యుగంధరుని ఢిల్లీయాత్రను తాము వెంటనుండి చూచినట్లే వర్ణించెడివారు. ఆయన చూచినది పెట్రోమాక్సు దీపముల వెలుగున ఆడిన నాటకమని నాకు చాలకాలమునకుగాని తెలియలేదు. అయినను ఆయన నమ్మికవలన ఎవరి పాత్రయు కుంచించుకొనిపోలేదు, ఎవరికిని హాని కలుగలేదు. కల్పితగతమును తూచుటకు నాకు తోచిన తూనికఱాయి ఇదియే: దాని మూల్యమును చెల్లించుచున్నది ఎవరు?

నర్తకి మాతాహరి ప్రాణముతో చెల్లించినది. 1905 మార్చిలో పారిసునందలి గీమె ప్రదర్శనశాలవారు తమ గ్రంథాలయమును కొవ్వొత్తుల వెలుగులో హిందూ దేవాలయముగా అలంకరించి, నటరాజ విగ్రహమును నిలుపగా, దానియెదుట ఒక్కొక్క మేలిముసుగే జార్చుచు ఆడిన ఆ వనిత తాను ప్రాచ్యదేశపు ఆలయనర్తకినని చెప్పుకొనెను. నిజమునకు ఆమె 1876లో నెదర్లాండ్సున లేవార్డెన్ పట్టణమందు పుట్టిన మార్గరెతా జెల్లె. డచ్చి సైనికాధికారి భార్యగా జావా, సుమత్రాలలో కొన్నియేండ్లు కాపురము చేసినది. చప్పట్లు కొట్టినంతకాలము ఆ పుట్టుక ఎట్టిదని ఎవ్వరును నిలదీయలేదు. మొదటి ప్రపంచయుద్ధము వచ్చి, ఫ్రాన్సునకు తన ఓటములకు ఒక ద్రోహి కావలసినపుడు, ఇన్ని ముసుగులు తొడిగినది గూఢచారిణి యను మఱియొక ముసుగు మాత్రమేల తొడిగియుండదని ఫ్రెంచి న్యాయస్థానము తలంచినట్లున్నది. జర్మనుల సొమ్ము పుచ్చుకొన్నమాట ఆమెయే ఒప్పుకొన్నది. కాని ఆమె చేరవేసిన రహస్యమేదో నేటి చరిత్రకారులలో పెక్కురు చూపజాలకున్నారు. 1917 అక్టోబరు 15వ తేదీ వేకువను విన్సెన్నులో ఆమెను కాల్చివేసిరి.

ఆమె తండ్రి లేవార్డెనులో టోపీల వ్యాపారి. దివాలా తీసి ఇల్లు చెదరినది. ఆ దుకాణము నిలిచియుండిన వేఱొక గతమును నేనప్పుడప్పుడు ఊహించుకొందును: గంట మ్రోగగా తలుపు తీసికొని ఎవరో బేరమునకు వత్తురు, నల్లకన్నుల నడివయస్సు స్త్రీ యొకతె అద్దము చేతికిచ్చి, ఈ టోపీ మీకు నప్పునని చెప్పుచుండును.