అమ్ముడైందన్న బోర్డు

మా ఇంటి ముందు ఏజెంటు పాతిన బోర్డు మీద ‘అమ్ముడైంది’ అని పెద్ద అక్షరాలతో ఉండేది. కింద చిన్న అక్షరాల్లో ‘కాంట్రాక్టుకు లోబడి’ అని. తెనాలి నుంచి వీడియో కాల్‌లో ఆ బోర్డు చూసిన మా అత్తగారు, "హమ్మయ్య, అమ్ముడైపోయిందిగా" అన్నారు. "లేదత్తయ్యా, ఇంకా అవలేదు" అన్నాను. "మరి బోర్డెందుకు పెట్టారే?" అన్నారు. దానికి సరైన జవాబు అప్పుడు నా దగ్గర లేదు.

మేముండేది ఇంగ్లండులోని యార్క్‌లో. చుట్టూ పాత కోటగోడ, మధ్యలో మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి. మాది గోడకి బయట, ఒకదానికొకటి అంటుకుని ఉండే ఎర్ర ఇటుకల వరస ఇళ్లలో ఒకటి. అటక గదిలో కుర్చీ ఎక్కి, మెడ ఎడమ పక్కకి తిప్పితే మిన్‌స్టర్ శిఖరం కాస్త కనిపిస్తుంది. ఏజెంటు ప్రకటనలో ‘మిన్‌స్టర్ కనిపించే ఇల్లు’ అని రాశాడు. కుర్చీ సంగతి రాయలేదు.

ఇక్కడ ఇల్లు అమ్మడం మన పద్ధతిలా ఉండదు. మన దగ్గర బేరం కుదరగానే కొంత బయానా ఇచ్చి, అగ్రిమెంటు రాసుకుంటారు. మాట తప్పేవాళ్లు అక్కడా ఉంటారు, కానీ ఎదుటివాళ్ల చేతిలో కనీసం ఒక కాగితం ఉంటుంది. ఇంగ్లండులో మన ధర ఒప్పుకున్నామని చెప్పినా అది వట్టి మాటే. 1989 నాటి చట్టం ప్రకారం భూమి, ఇల్లు అమ్మే ఒప్పందం రాతపూర్వకంగా, సంతకాలతో ఉండాలి. ఆ కాగితాలు మార్చుకునే రోజున కొనేవాళ్లు మామూలుగా పదో వంతు సొమ్ము కడతారు. అప్పటిదాకా ఎవరు వెనక్కి తగ్గినా అడిగేవాడు లేడు. అంతకన్నా ఎక్కువిస్తామంటూ ఎవరైనా వస్తే, ఆ సంగతి అమ్మేవాళ్లకి చెప్పి తీరాల్సిన బాధ్యత కూడా ఏజెంటుకి ఉంది.

ఈ మధ్యకాలం రెండు మూడు నెలలు పట్టడం మామూలే. ఇలాంటి పాత ఊళ్లో ఇంకా సాగుతుంది. కొనేవాళ్ల లాయరు అడిగే ప్రశ్నలకి అంతుండదు. ఇల్లు రక్షిత కట్టడాల జాబితాలో ఉందా? అనుమతి లేకుండా కిటికీలు మార్చారా? 2015 డిసెంబరులో ఊజ్, ఫాస్ నదులు పొంగినప్పుడు నీళ్లు వచ్చాయా? కొన్ని పాత పారిష్‌లలో చర్చి మరమ్మతు ఖర్చు పక్క భూముల యజమానులు భరించాలనే మధ్యయుగం నాటి బాధ్యత ఒకటుంది. అది కూడా వెతికి చూస్తారు. ఒక్కో ప్రశ్నకీ కొనేవాళ్లకే ఖర్చు. అన్ని వారాలు మనసు మారకుండా ఉండడం మాత్రం అమ్మేవాళ్ల పని.

ఆ దెబ్బ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎనిమిదేళ్ల క్రితం మేం మొదట కొనాలనుకున్న ఇల్లు ఇది కాదు. సర్వే చేయించాం, లాయరుకి కట్టాం, మా అమ్మాయి తన గదికి రంగు కూడా ఎంచుకుంది. ఇంకో మూడు వారాల్లో సంతకాలనగా ఎవరో ఎక్కువిస్తామన్నారని అమ్మేవాళ్లు మానుకున్నారు. పోయిన డబ్బు పోయింది. "నా గది వాళ్లకెందుకిచ్చారు?" అని పిల్ల అడిగితే మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

ఈసారి అమ్మేది మేం. మా ఇంటికి ధర కుదుర్చుకున్నది ఆసుపత్రిలో పనిచేసే ఒక చిన్న జంట. మొదటి ఇల్లు. ఆ అమ్మాయి వంటింట్లో నిలబడి, మంచం ఎక్కడ పడుతుందో కాదు, పప్పుల డబ్బాలు పెట్టుకునే అర ఎంత లోతుందో కొలుచుకుంది. ఐదో వారంలో ఏజెంటు ఫోన్ చేశాడు. ఇంకొకాయన 15 వేల పౌండ్లు ఎక్కువిస్తాడట, బ్యాంకు అప్పు కూడా అక్కర్లేదట. టూరిస్టులకి రోజువారీ అద్దెకి ఇచ్చుకుంటాడట.

ఆ రాత్రి మా ఇంట్లో అన్నం ఎవరికీ సయించలేదు. "మనమేం మోసం చెయ్యట్లేదు. చట్టమే ఒప్పుకుంటోంది. 15 వేలంటే పిల్ల యూనివర్సిటీలో రెండేళ్ల గది అద్దె" అన్నారు మావారు. ఆయన మాటలో అబద్ధం లేదు. అందుకే నాకు కోపం కన్నా భయమే ఎక్కువేసింది. ఎందుకంటే ఒక్క క్షణం నేనూ లెక్క వేశాను.

"ఏమండీ, ఆ రోజు మనల్ని కాదన్నవాళ్లకి కూడా చట్టం ఒప్పుకుంది" అన్నాను. ఆయన మాట్లాడలేదు. "1220లో మొదలుపెట్టిన చర్చిని 1472 దాకా కట్టిన ఊరండీ ఇది. మనం పదకొండు వారాలు మాట మీద ఉండలేమా?" అన్నాను. నవ్వొచ్చినా ఆపుకున్నారు.

నాకు ఇంకో బాధ కూడా ఉంది. మా వీధిలో కొన్ని తలుపుల పక్కన తాళం చెవులు పెట్టే చిన్న పెట్టెలు వెలిశాయి. శుక్రవారం సాయంత్రం సూట్‌కేసుల చక్రాల చప్పుడు, సోమవారానికి చీకటి కిటికీలు. టూరిస్టుల మీద నాకు కోపం లేదు, ఈ ఊరు చాలావరకు వాళ్ల వల్లే బతుకుతోంది. కానీ మంచు పడిన రోజు పక్కింటి ముసలావిడకి పాలు తెచ్చిపెట్టేది, వీధిలో ఉండేవాళ్లే కదా.

అందరూ ఎక్కువ డబ్బు వదులుకోవాలని నేననను. అప్పుల్లో ఉన్నవాళ్లకి 15 వేలు వదులుకోమని చెప్పే హక్కు నాకు లేదు. సంతకాలకి ముందురోజు ధర తగ్గించమని మెడ మీద కత్తి పెట్టే కొనుగోలుదార్లూ ఉంటారు. అందుకే దీన్ని మనుషుల మంచితనానికే వదిలెయ్యకూడదు. ధర ఒప్పుకున్న రోజే ఇద్దరూ కొంత సొమ్ము పక్కన పెట్టాలి, కారణం లేకుండా తప్పుకున్నవాళ్లు దాన్ని పోగొట్టుకోవాలి. పక్కనే ఉన్న స్కాట్లండులో లాయర్ల ఉత్తరాలతో ఇక్కడికన్నా ముందే ఇద్దరూ కట్టుబడతారు. 2025 అక్టోబరులో ఇక్కడి ప్రభుత్వం కూడా ముందే కట్టుబడే ఒప్పందాల గురించి జనం అభిప్రాయాలు అడిగింది. మన బయానాకి ఇంగ్లీషులో ఏం పేరు పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మర్నాడు పొద్దున్నే మావారే ఏజెంటుకి ఫోన్ చేసి, ఇంకెవరి బేరమూ మాకొద్దని చెప్పారు. పదకొండో వారంలో సంతకాలయ్యాయి. ఆ సాయంత్రం అత్తగారికి ఫోన్ చేసి, "ఇప్పుడు అమ్ముడైందత్తయ్యా" అన్నాను. ఎక్కువ బేరం సంగతి కూడా చెప్పాను. ఆవిడ కాసేపు ఆగి, "మీరు మాటిచ్చిన రోజే అమ్ముడైందే, కాగితం ఆలస్యమైందంతే" అన్నారు.

కొత్తింట్లో ఏది పాడైనా మావారు "15 వేలు" అని నిట్టూరుస్తారు. నిన్న మిక్సీ మాడిపోయినప్పుడు కూడా అన్నారు. అననివ్వండి. ఆ మాట వినగానే మా అమ్మాయి నవ్వుతోంది. ఎనిమిదేళ్ల క్రితం అది అడిగిన ప్రశ్న నాకింకా గుర్తుంది. అలాంటి ప్రశ్న ఇంకో ఇంట్లో మా వల్ల పుట్టలేదు, నాకది చాలు.