మీ హీరోకి పనేం వచ్చు?

కొత్త క్యారెక్టర్ షీట్ చేతికిస్తే అందరం ముందు చూసేది ఒకటే. కత్తా, విల్లా, మంత్రమా? షీట్‌లో ఒక మూల 'టూల్స్' అని చిన్న గడి ఉంటుంది. కమ్మరి సామాన్లు, కుమ్మరి సామాన్లు, నేతపని, రంగుల పెట్టె... ఏదో ఒకటి రాసేసి వదిలేస్తాం. ఆర్నెల్లు ఆడినా మళ్లీ ఆ గడి మొహం ఎవరూ చూడరు. ఈ వారం ముచ్చట ఆ గడి గురించే.

కొత్తగా చదువుతున్నవాళ్లకి రెండు ముక్కలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో గ్యారీ గైగ్యాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు, వాళ్లని డీఎం అంటాం. మిగతావాళ్లు తలా ఒక పాత్ర ఆడతారు. తలపెట్టిన పని అవుతుందా లేదా అన్నది 20 ముఖాల పాచిక చెబుతుంది. ఫోన్ అక్కర్లేదు, ఛార్జింగ్ అంతకన్నా అక్కర్లేదు.

రూల్‌బుక్ ఏమంటుంది?

2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో 'క్రాఫ్ట్' అని నేరుగా ఒక స్కిల్ ఉండేది. వస్తువు ధరలో మూడో వంతు పెట్టి ముడిసరుకు కొనాలి. వారానికోసారి పాచిక వేయాలి. వచ్చిన అంకెని ఆ పని కష్టం అంకెతో హెచ్చవేస్తే, ఆ వారం ఎన్ని వెండి నాణేల విలువైన పని జరిగిందో తేలుతుంది. ఒళ్లంతా కప్పే ఉక్కు కవచం ధర 1,500 బంగారు నాణేలు, అంటే 15,000 వెండి. కష్టం 18. అన్నీ కలిపి ప్రతి వారం 20 వచ్చిందనుకున్నా వారానికి 360 వెండే. మొత్తం 42 వారాలు! మధ్యలో పాచిక 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తగ్గిందా, సగం ముడిసరుకు గంగపాలు.

2008 నాలుగో ఎడిషన్ ఈ స్కిల్‌నే పీకేసింది. 2014 ఐదో ఎడిషన్ దాన్ని టూల్స్ రూపంలో తెచ్చింది కానీ పాచిక తీసేసింది. రోజుకి 5 బంగారు నాణేల పని, ముడిసరుకు సగం ధర. అదే కవచానికి 300 రోజులు. 2024 పుస్తకంలో రోజుకి 10 చేశారు కాబట్టి 150 రోజులు.

కోడ్ రాసి బతికేవాడికి ఇక్కడ ఒక బగ్ కనబడుతుంది. 2014 లెక్కే తీసుకోండి. పొడుగు కత్తి ధర 15 బంగారు నాణేలు. ముడిసరుకు ఏడున్నర. మూడు రోజుల పని. చేసిన కత్తిని అంగడికి తీసుకెళ్తే ఆయుధాలకి ఇచ్చేది సగం ధర, అంటే ఏడున్నర. మిగిలింది సున్నా. పని చేసినన్నాళ్లూ తిండికీ బసకీ లోటు లేకుండా రూల్‌బుక్కే చూసుకుంటుంది, అంతే. అదే కత్తిని కొనబోతే మాత్రం నిండు 15.

హీరోలు సాహసాలు మానేసి కొట్టు పెట్టుకోకూడదని ఈ రూల్ పెట్టి ఉంటారు. ఆటకి అది న్యాయమే. కానీ పని చేసినోడికి పొట్టకి సరిపోవడం, మిగిలింది మధ్యలో ఎటో పోవడం... ఈ లెక్క చూడ్డానికి డ్రాగన్లున్న లోకం దాకా పోనక్కర్లేదు. తిరుపతిలో బస్సెక్కి కాళహస్తిలో దిగితే చాలు.

అసలు క్రాఫ్టింగ్ మన పక్కూర్లోనే

శ్రీకాళహస్తి కలంకారీ అంటే కలంతో గీసే బట్ట. మచిలీపట్నం వైపు అదే కలంకారీని చెక్క అచ్చులతో అద్దుతారు. ఒకే స్కిల్, రెండు గిల్డులు అనుకోండి. కాళహస్తిలో 1950ల్లో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం వచ్చింది. ఈ ఊరి కళాకారుడు జె. గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు.

పని చూస్తే ఇది ఒక్క పాచికతో తేలేది కాదని అర్థమవుతుంది. గాడా బట్టని ముందు శుభ్రం చేసి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలల్లో ముంచి ఎండబెట్టాలి. పాలలో ఉండే కొవ్వు వల్ల రంగు పక్కకి పాకదు. చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీస్తారు. తర్వాత వెదురు పుల్లకి గుడ్డో ఊలో చుట్టి, దారం కట్టిన కలంతో నల్ల గీతలు. ఆ నలుపు పేరు కసిమి. తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు కలిపి రోజుల తరబడి పులియబెడితే వస్తుంది. కుండలో చూస్తే అంత నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన బట్ట తగలగానే నల్లబడుతుంది. ఇనుమూ కరక్కాయ వగరూ కలిసి చేసే పని అది.

ఎరుపుది ఇంకో కథ. ఎరుపు రావాల్సిన చోట ముందు పటిక నీళ్లు పూస్తారు. దానికి దాదాపు రంగే ఉండదు. ఎక్కువైన పటికని పారే నీళ్లలో కడిగేసి, బట్టని ఎర్రరంగు కాగులో ఉడకబెడతారు. పటిక ఉన్నచోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. తర్వాత పసుపు, నీలం, మధ్యమధ్యలో మళ్లీ ఉతుకుడు, మళ్లీ ఎండ. ఉతకడానికి స్వర్ణముఖి ఉంది, కానీ అది ఏడాది పొడుగునా పారే ఏరు కాదు. నీళ్లు లేకపోతే ఎంత పెద్ద చెయ్యైనా ఆగాల్సిందే.

ఇన్ని వారాల పనిని పోలిన బొమ్మ స్క్రీన్ ప్రింట్‌లో గంటల్లో వచ్చేస్తుంది. అదీ 'కలంకారీ' పేరుతోనే అమ్ముడుపోతుంది. 2005-06లో కాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిల్డు ముద్ర లాంటిదన్నమాట. కానీ ముద్ర చూసి కొనేవాడుంటేనే కదా ముద్రకి విలువ.

మీ టేబుల్‌కి మూడు రూల్స్

ఒకటి: పాచిక మూడుసార్లు వేయించండి. బట్ట సిద్ధం చేయడానికి ఒకటి, గీతకి ఒకటి, ఉతుక్కి ఒకటి. ఓడిపోతే ముడిసరుకు తగలెయ్యకండి, వస్తువుని మార్చండి. పాలు సరిగ్గా పట్టలేదా? గీత పాకింది, బొమ్మలో రాజుగారి మొహం గుర్తుపట్టలేనట్టు అయింది. ఇప్పుడు రాజుగారికి ఏం చెబుతారో చూద్దాం!

రెండు: చోటు కావాలనండి. ఈ పనికి ఏరు, ఆ పనికి కొలిమి. ఏరు ఎండిందంటే పార్టీ మొత్తం నీళ్లు వెతుక్కుంటూ పోవాలి. పైఊరివాళ్లు ఆనకట్ట వేశారని తెలిస్తే? సాహసం మీరు వెతకనక్కర్లేదు, అదే వస్తుంది.

మూడు: ముక్కూ మొహం తెలియని అంగడిలో సగం ధరే. కానీ పేరున్న మనిషికి, అడిగి చేయించుకున్నవాడికి అమ్మితే నిండు ధర. కత్తి లెక్క మళ్లీ చూడండి: మూడు రోజులకి ఏడున్నర బంగారు నాణేలు మిగులుతాయి. ఆ మనిషిని సంపాదించుకోవడమే ఆటలో అసలు పని అవుతుంది.

క్వెస్ట్ కావాలా? పటికతో మ్యాప్ గీసిన బట్ట ఒకటి పార్టీకి ఇవ్వండి. చూస్తే ఖాళీ గుడ్డ. ఎన్ని మంత్రాలు వేసినా ఏమీ కనబడదు, ఎందుకంటే అందులో మంత్రమే లేదు. రంగుపని తెలిసినవాడు దాన్ని ఎర్రరంగులో ఉడకబెడితే దారి తేలుతుంది. ఆ రోజు కత్తివీరుడు పొయ్యి కింద కట్టెలు ఎగదోస్తూ కూర్చోవాల్సిందే.

ఇంకోటి చరిత్రలోంచే. మన కోరమాండల్ తీరం రంగుబట్టల మోజు యూరప్‌లో ఎంత ముదిరిందంటే, అక్కడి నేతవాళ్లు దెబ్బతింటారని ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా సాగింది. ఈ మధ్యలోనే, 1742లో, ఫాదర్ కోర్దూ అనే ఫ్రెంచి మతగురువు మన తీరంలో రంగు అద్దేవాళ్ల దగ్గర పద్ధతి మొత్తం అడిగి తెలుసుకుని, ఉత్తరంగా రాసి పంపాడు. దొంగ సరుకు, వృత్తి రహస్యం, ఉత్తరం పట్టుకెళ్లే ఓడ. ఇంతకంటే పెద్ద హైస్ట్ ఏ డీఎం రాస్తాడప్పా?

వచ్చే సెషన్‌కి ముందు ఆ చిన్న గడి దగ్గర మూడు లైన్లు రాయండి. ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? దీనికి ఏ ఊరి నీళ్లు కావాలి? చేసింది ఎవరు కొంటారు? మొదటి రెండూ ఇట్టే రాసేస్తారు. మూడోదాని దగ్గర పెన్ను ఆగితే, అక్కణ్నుంచే మీ కథ మొదలుపెట్టండి.

ఈసారి కలంకారీ కొనేటప్పుడు కూడా ఒక్క నిమిషం ఆగండి. ఒకే పువ్వు ఏ తేడా లేకుండా బట్టంతా రిపీట్ అవుతోందా? "నలుపు దేంతో చేశారన్నా?" అని అడగండి. బెల్లం, తుప్పు ఇనుము అని జవాబొస్తే, ధర కొంచెం ఎక్కువ చెప్పినా బేరం మరీ లాగకండి.