పునరుక్తి దోషం కాని చోటు

అలంకారశాస్త్రం పునరుక్తిని దోషాలలో చేర్చింది. సీ భాషను యంత్రభాషగా మార్చే కంపైలరుదీ అదే అభిప్రాయం. ఒకే చిరునామాను రెండుసార్లు చదవమంటే, నడుమ ఎవరూ దానిని మార్చలేదు గదా అని రెండవ పఠనాన్ని కొట్టివేస్తుంది. సాధారణ స్మృతి విషయంలో ఇది మెచ్చదగిన పొదుపే. ఆ చిరునామా వెనుక స్మృతికి బదులు ఒక పరికరం కూర్చున్నప్పుడే చిక్కు.

16550 అనే పాత సీరియల్ చిప్పును చూడండి. పీసీలలో దానిని పోర్టు సంఖ్యతో పిలుస్తారు. అనేక చిన్న బోర్డులలో దాని వంశీయులు స్మృతి చిరునామాల నడుమనే కొలువుంటారు. దాని మొదటి చిరునామాను చదివితే బయటినుండి వచ్చిన అక్షరం చేతికందుతుంది. అక్కడే వ్రాస్తే అక్షరం బయటికి పోతుంది. వేరొక రిజిస్టరులో ఒక బిట్టును 1 చేస్తే, అదే చిరునామా వేగాన్ని నిర్ణయించే విభాజకంలో ఒక సగమవుతుంది. రాఘవపాండవీయంలో పింగళి సూరన రెండు కథలనే నడిపాడు, ఇక్కడ మూడర్థాలు! రెండుసార్లు చదివితే రెండు వేర్వేరు అక్షరాలు రావచ్చు. దోషాలను తెలిపే రిజిస్టరునైతే, చదవడంతోనే ఆ గుర్తులు చెరిగిపోతాయి. అక్షరం వచ్చిందా, వచ్చిందా అని పదేపదే అడగవలసిన చోట కంపైలరు ఒక్కసారి అడిగి ఊరుకుంటే ఆ నిరీక్షణకు అంతముండదు.

దీనికి విరుగుడుగా ‘వోలటైల్’ అనే విశేషణాన్ని కనబడిన ప్రతి నామవాచకానికీ తగిలించే అలవాటు కొందరికి ఉంది. నాకది సమ్మతం కాదు. లినక్సు కెర్నెలు పత్రాలలో ఆ అలవాటును వారిస్తూ ఒక వ్యాసమే ఉంది. ఆ మాట కంపైలరుకు వినబడుతుంది గాని ప్రాసెసరుకు వినబడదు. ఆర్మ్ వంటి ప్రాసెసర్లు పనుల వరుసను తామే మార్చుకోగలవు. అందుకే లినక్సులో రీడ్‌ఎల్, రైట్‌ఎల్ అనే ప్రత్యేక క్రియలున్నాయి. కావలసిన అడ్డుకట్టలు వాటిలోనే ఇమిడి ఉంటాయి. విచిత్రమంతా తాకే క్షణంలో ఉన్నప్పుడు గుర్తును కూడా క్రియకే తగిలించడం సమంజసం.

అంతటితో తీరదు. పీసీఐలో వ్రాసిన మాట పోస్టుడబ్బాలో వేసిన ఉత్తరం వంటిది. అది దారిలోని వంతెనల వద్ద ఆగి ఉండగానే ప్రాసెసరు తన పనిలో తాను సాగిపోతుంది. చేరిందని రూఢి కావాలంటే అదే పరికరం నుండి ఏదైనా ఒకటి చదవాలి. చదివిన ఫలితాన్ని పారవేసే ఆ పంక్తిని చూసి, వ్యర్థమని తొలగించే ఉత్సాహవంతులుంటారు. పక్కన ఒక్క వ్యాఖ్య వ్రాయని మొదటి రచయితదే తప్పని నేనంటాను.

ఇక చిప్పు నిర్మాణంలోనే లోపముంటే? లినక్సు పీసీఐ విభాగంలో ‘క్విర్క్స్’ అనే ఫైలొకటి ఉంది. వేల పంక్తులు. తయారీదారు సంఖ్య, పరికరపు సంఖ్య చూసి ఫలానా చిప్పుకు ఫలానా సవరణ అని చెబుతుంది. సౌందర్యప్రియులకు అది చెత్తబుట్టలా తోచవచ్చు. వ్యాకరణం బోధించిన నాకు మాత్రం దానిపై గౌరవమే. సామాన్యసూత్రాన్ని చెడగొట్టకుండా అపవాదాలను పేరుపేరునా వేరుగా చెప్పడం మన వైయాకరణుల పద్ధతే గదా! ఆ సవరణలను మూసిన డ్రైవర్లలో దాచుకుంటే, కంపెనీ ఆ చిప్పును మరచిన నాడు కొన్నవాడి యంత్రం మూలకు చేరుతుంది.

నాకున్న ఫిర్యాదల్లా ఒక్కటే. కొన్ని సవరణల వద్ద ఏమి చేయాలో ఉంటుంది, ఎందుకో ఉండదు. ఇరవై యేళ్ళ తరువాత దానిని తీసివేయవచ్చునో కాదో ఎవరు చెప్పగలరు?